కొత్త ఎస్ఎంఎస్ యాప్‌లో పొడుగు తెలుగు మెసేజ్‌లు ఫెయిల్, బ్యాంకు టోన్ నిలవట్లేదు: ఏయే సెట్టింగులు మార్చాలి?

కాలనీ_నోటీసుబోర్డు

అందరికీ నమస్తే. ఫోన్ ఆండ్రాయిడ్ 14, రెండు సిమ్‌లు. ఫోన్‌తో వచ్చిన గూగుల్ మెసేజెస్ బదులు ప్లే స్టోర్ నుంచి వేరే ఎస్ఎంఎస్ యాప్ వేసి డిఫాల్ట్‌గా పెట్టాను. రంగులు, బబుల్స్ బాగానే కుదిరాయి. తక్కినవే కుదరడం లేదు.

పని ఏమిటంటే, కాలనీ సంఘం నోటీసులు 42 మందికి తెలుగులో పంపాలి. సగం మందివి కీప్యాడ్ ఫోన్లు కాబట్టి వాట్సాప్ మాట వద్దు. చిన్న మెసేజ్ పోతోంది. మూడు నాలుగు వాక్యాలు దాటితే ఎర్ర గుర్తు పడి ఆగిపోతోంది. అంతే పొడుగు ఇంగ్లిష్‌లో రాస్తే మాత్రం పోతోంది.

రెండోది, బ్యాంకు మెసేజ్‌లకు వేరే టోన్ పెట్టాను. ఒకసారి మోగుతుంది, తర్వాతి మెసేజ్‌కి మళ్లీ మామూలు టోనే. ఓటీపీలు కొన్ని ఆలస్యంగా కనిపిస్తున్నాయి, కొన్ని కనిపించడమే లేదు. ఇద్దరు ముగ్గురు పంపే మెసేజ్‌లు నాకసలు రావడం లేదు, వాళ్ల ఫోన్‌లో మాత్రం వెళ్లినట్టే చూపిస్తోంది.

యాప్‌లో ఫాంట్ మారిస్తే ఇంగ్లిష్ అక్షరాలు మారుతున్నాయి, తెలుగు మారడం లేదు. పైగా కింది వత్తులు సగం తెగుతున్నాయి. ఉదయం 6 గంటలకు షెడ్యూల్ పెట్టినవి ఎప్పుడో 6:40కి కదులుతున్నాయి.

ఇవన్నీ యాప్ తప్పులేనా? యాప్ మార్చమంటారా, సెట్టింగులతో సరిపోతుందా?

ఏడుబిట్లు

యాప్ మార్చినా ఇదే కథ. ముందు మెసేజ్ ఎందుకు పోవట్లేదో చెప్తాను, మీ అసలు పని అదే కదా.

యాప్ సెట్టింగ్స్‌లో "పొడుగు మెసేజ్‌లను ఎంఎంఎస్‌గా పంపు" అనే అర్థం వచ్చే స్విచ్ ఒకటి ఉంటుంది. (ఎంఎంఎస్ అంటే ఫొటోలు, పొడుగు మెసేజ్‌లు మొబైల్ డేటా మీద పంపే వేరే పద్ధతి.) ఫాసిఫై మెసేజెస్, పాత క్యూకేఎస్ఎంఎస్ అనే యాప్‌లలో ఈ స్విచ్ ఉంది. దాన్ని ఆపేయండి. పక్కనే "గ్రూప్ మెసేజ్‌లను ఎంఎంఎస్‌గా పంపు" అని ఇంకొకటి ఉంటే అదీ ఆపేసి, ఒక్కొక్కరికీ విడి ఎస్ఎంఎస్ వెళ్లేలా పెట్టుకోండి. ఎంఎంఎస్ అమెరికాలో ఇప్పటికీ నడుస్తుంది కాబట్టి అక్కడివాళ్లను దృష్టిలో పెట్టుకుని చేసిన యాప్‌లలో ఈ స్విచ్‌లకు చాలా ప్రాధాన్యం. మన దగ్గర చాలా ఫోన్లలో ఎంఎంఎస్‌కు కావలసిన ఏపీఎన్ (ఆపరేటర్ నెట్‌కు కలిపే సెట్టింగ్) వివరాలే నిండి ఉండవు, ప్లాన్‌లలో అది ఉచితం కాదు, అవతలి కీప్యాడ్ ఫోన్ దాన్ని తెరవగలదన్న నమ్మకమూ లేదు.

ఇంగ్లిష్‌లో పోయి తెలుగులో ఎందుకు ఆగుతోందంటే, ఒక ఎస్ఎంఎస్‌లో పట్టేది 140 బైట్లు. ఇంగ్లిష్ అక్షరానికి 7 బిట్లు చాలు, అందుకని 160 పడతాయి. తెలుగు యూనికోడ్‌లో ఒక్కోదానికి 16 బిట్లు, కాబట్టి 70 మాత్రమే. ఒక ఎస్ఎంఎస్ దాటితే ముక్కలు చేసి పంపుతారు. ప్రతి ముక్కలో అతుకు సమాచారానికి కొంత చోటు పోయి ఇంగ్లిష్‌కు 153, తెలుగుకు 67 మిగులుతాయి. మీ నాలుగు వాక్యాలు ఇంగ్లిష్‌లో రెండు ముక్కలైతే తెలుగులో నాలుగైదు అవుతాయి. యాప్ దాన్ని "పొడుగు మెసేజ్" కింద లెక్కేసి ఎంఎంఎస్‌గా మార్చేస్తుంది. అక్కడ ఆగిపోతుంది.

ఆ 70 కూడా మనం కళ్లతో లెక్కపెట్టే అక్షరాలు కావు. గుణింతం గుర్తు, పొల్లు, సున్న, ఖాళీ అన్నీ విడివిడిగా లెక్కే. "క్షి" అంటే నాలుగు: క, పొల్లు, ష, గుడి. ఈ మెసేజ్ చూడండి:

రేపు ఉదయం 7 గంటలకు ట్యాంకు శుభ్రం చేస్తారు. నీళ్లు పట్టి ఉంచుకోండి.

ఇది సరిగ్గా 67. ఒక్క ఎస్ఎంఎస్‌లో పోతుంది. దీని చివర " - కాలనీ సంఘం" అని చేర్చండి, ఇంకో 13 కలిసి 80 అవుతుంది, రెండు ఎస్ఎంఎస్‌లు. యాప్‌లో "సిగ్నేచర్" పెట్టుకుంటే ప్రతి మెసేజ్‌కీ ఇదే జరుగుతుంది. కాబట్టి సిగ్నేచర్ ఖాళీగా ఉంచండి. సంఘం పేరు తప్పదంటే మెసేజ్‌లోనే "కాలనీ:" అని మొదట పెట్టి, మిగతాది కుదించుకోండి.

ఇంకో మెలిక. కొన్ని కీబోర్డులు "ఫోన్‌లో" లాంటి మాటల్లో పొల్లు తర్వాత కంటికి కనిపించని ఒక గుర్తు చేరుస్తాయి. అదీ ఒకటి లెక్కే. ఎమోజీలు చాలావరకు ఒక్కోటి రెండు లేదా అంతకంటే ఎక్కువ. ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు రాసి 160 వాడుకుందామనుకునేవాళ్లు ఒక్క ఎమోజీ పెట్టినా, వంకర కొటేషన్ గుర్తు వేరేచోట నుంచి కాపీ అయి వచ్చినా, మొత్తం మెసేజ్ 70 లెక్కలోకి పడిపోతుంది. ఫాసిఫైలో రాసేటప్పుడు అక్షరాల కౌంటర్ చూపించే సెట్టింగ్ ఉంది. ఆన్ చేసుకోండి, ఈ లెక్కలన్నీ కాగితం మీద వేసుకోనక్కర్లేదు. "యాక్సెంట్లు తీసేసి పంపు" అనేది మాత్రం యూరప్ భాషలవాళ్లకు. తెలుగుకు దానివల్ల ఒరిగేదేమీ లేదు, ఆపే ఉంచండి.

మోత_తగ్గించండి

పైవారు చెప్పిన దానికి చిన్న చేర్పు. 42 మంది అన్నారు కాబట్టి రెండు పరిమితులు మీకు తగులుతాయి.

మన అన్‌లిమిటెడ్ ప్లాన్‌లలో సాధారణంగా రోజుకు 100 ఎస్ఎంఎస్‌లు. లెక్క మెసేజ్‌లది కాదు, ముక్కలది. ఒక ముక్క నోటీసు 42 మందికి 42. రెండు ముక్కలైతే 84. మూడైతే 126, అంటే వంద దాటాక మిగిలినవాటికి బ్యాలెన్స్ పోతుంది, బ్యాలెన్స్ లేకపోతే ఫెయిల్ అవుతుంది. రెండో సిమ్‌లోంచి సగం పంపుకోవచ్చు గానీ, అప్పుడు సగం మందికి వేరే నంబరు నుంచి వస్తుంది. "ఇదెవరిది" అని ఫోన్లు మొదలవుతాయి.

రెండోది ఆండ్రాయిడ్‌దే. ఒక యాప్ కొద్దిసేపట్లోనే 30కి మించి ఎస్ఎంఎస్‌లు పంపబోతే "ఈ యాప్ ఎక్కువ సంఖ్యలో మెసేజ్‌లు పంపుతోంది, కొనసాగించమంటారా" అని ఒక పెట్టె వస్తుంది. దాన్ని ఎవరో ఒకరు నొక్కాలి. ఉదయం 6కి షెడ్యూల్ పెట్టి ఫోన్ బల్ల మీద వదిలేస్తే 30 దగ్గర ఆ పెట్టె తెర మీద నిలబడి ఉంటుంది, మిగతావి ఆగడమో ఫెయిల్ అవడమో జరుగుతుంది. యాప్ మారిస్తే పోయేది కాదిది, సిస్టమ్‌లోనే ఉంది. అందుకని జాబితాను 21, 21గా విడగొట్టి 6 గంటలకు ఒకటి, 6:45కి ఒకటి పెట్టండి. రెండు ముక్కల మెసేజ్ అయితే ముక్కల ప్రకారమే లెక్కేసుకుని 14 మంది చొప్పున మూడు జట్లు చేయడం క్షేమం.

ఇక బ్యాంకు టోన్ సంగతి. ఇది మనదేశంలోనే ఉన్న తంటా, విదేశీ యాప్‌లకు దీని మీద అవగాహన లేదు. బ్యాంకు మెసేజ్ పంపినవారి పేరు చూడండి. ముందు రెండక్షరాలు, గీత, తర్వాత ఆరు అక్షరాల హెడర్ (బ్యాంకు పొట్టి పేరు), మళ్లీ గీత, చివర ఒక అక్షరం. మొదటి రెంటిలో ఒకటి ఏ ఆపరేటర్ ద్వారా వచ్చిందో, రెండోది ఏ సర్కిల్ (టెలికాం ప్రాంతం) నుంచో చెబుతాయి. ఏడీ అంటే ఎయిర్‌టెల్ ఢిల్లీ, వీఎం అంటే వొడాఫోన్ ముంబై. ఆ బ్యాంకే ఇవాళ ఏడీ మీద, రేపు వీఎం మీద, ఎల్లుండి జియో మీద పంపుతుంది. మనిషికి ఒక్కటే బ్యాంకు, యాప్‌కు మాత్రం ముగ్గురు వేర్వేరు పంపకందారులు, మూడు వేర్వేరు సంభాషణలు. మీరు టోన్ పెట్టింది అందులో ఒకదానికి. అందుకే ఒకసారి మోగి తర్వాత మోగలేదు.

దారులు రెండు. ఒకటి, వచ్చిన ప్రతి రకానికీ ఆ సంభాషణ తెరిచి టోన్ పెట్టుకుంటూ పోవడం. కొన్నాళ్లకు అన్నీ కవర్ అవుతాయి, కొత్త రూట్‌లో వస్తే మళ్లీ మొదలు. నాకైతే ఇది విసుగు. రెండోది మాక్రోడ్రాయిడ్ లాంటి ఆటోమేషన్ యాప్, అంటే మనం పెట్టిన షరతు కుదిరినప్పుడు పని తానే చేసేది. ట్రిగర్‌గా "నోటిఫికేషన్ వచ్చినప్పుడు" తీసుకుని, మీ ఎస్ఎంఎస్ యాప్ ఎంచుకుని, వచనంలో మీ బ్యాంకు ఆరక్షరాల హెడర్ మాత్రమే ఇవ్వండి, ముందు రెండక్షరాలు ఇవ్వొద్దు. యాక్షన్‌గా సౌండ్ ప్లే చేయించండి. చివరి అక్షరాన్ని కూడా వాడుకోవచ్చు: టీ అంటే లావాదేవీ, ఎస్ అంటే సర్వీస్, పీ అంటే ప్రచారం, జీ అంటే ప్రభుత్వం. ఈ చివరి అక్షరాలు 2025లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధన సవరించాక వచ్చాయి. హెడర్‌తో పాటు చివర పీ ఉంటే మోగొద్దు అని షరతు పెడితే "మీకు లోన్ మంజూరైంది" మోతలు ఉండవు.

ఒక హెచ్చరిక. ఆండ్రాయిడ్ 15 నుంచి ఓటీపీ ఉన్న నోటిఫికేషన్ల లోపలి మాటలు ఇలాంటి ఆటోమేషన్ యాప్‌లకు కనిపించవు. డబ్బు కట్ అయిన మెసేజ్‌కు మోగుతుంది, ఓటీపీకి మోగకపోవచ్చు. అది కావాలనే పెట్టిన భద్రత, దాన్ని తప్పించే దారులు వెతకొద్దు.

కాలనీ_నోటీసుబోర్డు

ఎంఎంఎస్ స్విచ్ ఆపాను, నాలుగు ముక్కల తెలుగు మెసేజ్ పోయింది. ఏడుబిట్లు గారికి ధన్యవాదాలు. టోన్ ఎంచుకునే చోట ఇంకో అనుమానం. యాప్ లోపల సౌండ్ నొక్కితే నేరుగా ఫోన్ సెట్టింగ్స్‌లోకి తీసుకెళ్తోంది. అక్కడ మార్చినది ఉంటుందా?

మోత_తగ్గించండి

ఉంటుందండి. ఆండ్రాయిడ్ 8 నుంచి నోటిఫికేషన్ ఛానెళ్లు (ఒక్కో రకం నోటిఫికేషన్‌కు ఒక్కో విడి సెట్టింగ్) సిస్టమ్ చేతిలో ఉంటాయి. ఛానెల్ ఒకసారి తయారయ్యాక దాని సౌండ్ మార్చే హక్కు మీకే, యాప్‌కు లేదు. అందుకే అక్కడికి పంపుతుంది. ఆ పేజీలో "సైలెంట్" అని పడి ఉంటే ఏ టోన్ పెట్టినా మోగదు, ముందు "డిఫాల్ట్" లేదా "అలర్టింగ్" చేయండి.

ఆటోస్టార్ట్

ఓటీపీ ఆలస్యం గురించి ఎవరూ చెప్పలేదు. ఫోన్ ఏ కంపెనీదో రాయలేదు కాబట్టి రెండు మూడు రకాలు చెప్తాను.

రెడ్‌మీ, పోకో, షావోమీ: యాప్‌కు మామూలు ఎస్ఎంఎస్ అనుమతి ఇస్తే చాలదు. సెట్టింగ్స్ → యాప్స్ → మీ ఎస్ఎంఎస్ యాప్ → "అదర్ పర్మిషన్స్" తెరవండి. అందులో "సర్వీస్ ఎస్ఎంఎస్" లేదా "నోటిఫికేషన్ ఎస్ఎంఎస్" అని ఉంటుంది, వెర్షన్‌ను బట్టి పేరు మారుతుంది. అది ఆపి ఉంటే మనుషుల మెసేజ్‌లు వస్తాయి, కంపెనీల నుంచి వచ్చేవి, ఓటీపీలు యాప్‌కు అందవు. చాలామంది యాప్‌ను తిట్టేది ఇక్కడే. వెనక్కి వచ్చి, యాప్ పేజీలోనే ఆటోస్టార్ట్ ఆన్ చేసి, బ్యాటరీ దగ్గర "నో రిస్ట్రిక్షన్స్" పెట్టండి.

ఒప్పో, రియల్‌మీ, వన్‌ప్లస్: "వెరిఫికేషన్ కోడ్ ప్రొటెక్షన్" అనే సెట్టింగ్ చూడండి. ఒక్కో మోడల్‌లో ఒక్కో చోట ఉంటుంది కాబట్టి సెట్టింగ్స్ పైన ఉన్న వెతుకుడు పెట్టెలో "వెరిఫికేషన్ కోడ్" అని ఇంగ్లిష్‌లో కొట్టండి. అది ఆన్‌లో ఉంటే బయటి యాప్‌లు కోడ్ మెసేజ్‌లు చదవకుండా అడ్డుకుంటుంది. ఆపే ముందు ఒక్క క్షణం ఆలోచించండి: ఆపితే ఎస్ఎంఎస్ అనుమతి ఉన్న ప్రతి యాప్‌కూ ఓటీపీలు తెరిచినట్టే. కాబట్టి ముందు సెట్టింగ్స్‌లో పర్మిషన్ మేనేజర్ → ఎస్ఎంఎస్ తెరిచి, అక్కడ అనవసరంగా కూర్చున్న లోన్ యాప్‌లు, షాపింగ్ యాప్‌ల అనుమతి పీకేయండి.

షెడ్యూల్ ఆలస్యానికి కారణం వేరు. సెట్టింగ్స్ → యాప్స్ → స్పెషల్ యాప్ యాక్సెస్ → "అలారమ్స్ అండ్ రిమైండర్స్"లో మీ యాప్‌కు అనుమతి ఇవ్వండి. ఆండ్రాయిడ్ 14లో కొత్తగా వేసిన చాలా యాప్‌లకు ఇది మొదట ఇవ్వరు. ఇది లేకపోతే యాప్ సరిగ్గా 6:00కి లేవలేదు, సిస్టమ్ వీలు చూసుకుని ఎప్పుడు లేపితే అప్పుడే. మీ 6:40 అదే అయ్యుంటుంది.

యాప్‌ను ప్లే స్టోర్ నుంచి కాకుండా ఏపీకే ఫైల్ దించి వేసుకునేవాళ్లకు ఒక మాట. ఆండ్రాయిడ్ 15లో అలాంటి యాప్‌ను డిఫాల్ట్ ఎస్ఎంఎస్‌గా పెట్టబోతే "రిస్ట్రిక్టెడ్ సెట్టింగ్" అని అడ్డం పడుతుంది. యాప్ ఇన్ఫో పేజీలో పైన మూడు చుక్కలు నొక్కి "అలౌ రిస్ట్రిక్టెడ్ సెట్టింగ్స్" అంటే తెరుచుకుంటుంది. ఎక్కడ దొరికిందో తెలియని ఏపీకేకు మాత్రం ఈ పని చేయకండి. ఎస్ఎంఎస్ అనుమతి అంటే బ్యాంకు ఖాతా తాళం ఇచ్చినట్టే.

పాతఫోన్ల_వైద్యం

"ఇద్దరు ముగ్గురి మెసేజ్‌లు రావట్లేదు, వాళ్ల దగ్గర వెళ్లినట్టే చూపిస్తోంది" అన్నారు చూడండి, అది ఆర్‌సీఎస్, ఎస్ఎంఎస్ బదులు నెట్ మీద నడిచే చాట్ పద్ధతి. ఇందాకటి నుంచి ఎవరైనా అంటారేమోనని చూస్తున్నా.

గూగుల్ మెసేజెస్‌లో ఆర్‌సీఎస్ చాట్ ఆన్‌లో ఉన్నంతకాలం మీ నంబరు ఆ సర్వర్‌లో నమోదై ఉంటుంది. అవతలివారి ఫోన్‌లోనూ గూగుల్ మెసేజెస్ ఉంటే, వాళ్లు పంపేది ఎస్ఎంఎస్‌గా కాకుండా నెట్ మీద చాట్‌గా వస్తుంది. బయటి యాప్‌లకు ఆర్‌సీఎస్ వాడే వీలు గూగుల్ ఇవ్వలేదు. కాబట్టి మీరు డిఫాల్ట్ మార్చాక కూడా నమోదు కొనసాగితే ఆ మెసేజ్‌లు మీ కొత్త యాప్‌కు కనిపించని చోటికి పోతాయి.

చేయాల్సింది: కాసేపు గూగుల్ మెసేజెస్‌ను మళ్లీ డిఫాల్ట్ చేయండి. పైన మీ ప్రొఫైల్ బొమ్మ → మెసేజెస్ సెట్టింగ్స్ → ఆర్‌సీఎస్ చాట్స్ → ఆఫ్. రెండు సిమ్‌లకూ విడిగా ఉంటే రెండూ ఆపండి. ఆ తర్వాతే కొత్త యాప్‌ను డిఫాల్ట్ చేయండి. పాత ఫోన్ చేతిలో లేకపోతే, నంబరు ఇచ్చి కోడ్ తెచ్చుకుని ఆపేసే వెబ్ పేజీ గూగుల్‌కు ఉంది. ఆపిన వెంటనే అందరి ఫోన్లకూ తెలియదు, కొంతసేపు పాత దారినే పంపుతుంటాయి.

ఇదివరకు చాట్‌గా వచ్చిన మెసేజ్‌లు కొత్త యాప్‌లో కనిపించవు. ఎస్ఎంఎస్‌లు ఫోన్‌లోని ఉమ్మడి డేటాబేస్‌లో ఉంటాయి, ఏ యాప్ డిఫాల్ట్ అయినా అవే చూపిస్తుంది. ఆర్‌సీఎస్ చాట్‌లు మాత్రం గూగుల్ మెసేజెస్ తన సొంత నిల్వలో పెట్టుకుంటుంది. ముఖ్యమైనవి ఉంటే స్క్రీన్‌షాట్ తీసుకోవడమో కాపీ చేసుకోవడమో చేయండి. ఆ యాప్‌ను అన్‌ఇన్‌స్టాల్ చేయకండి, డేటా క్లియర్ చేయకండి.

ఉమ్మడి డేటాబేస్ అంటున్నాను కాబట్టి ఇంకోటి: కొత్త యాప్‌లో డిలీట్ చేస్తే పాతదాంట్లోనూ పోతుంది. "ఇది ట్రయల్ యాప్ కదా" అని ఊరికే చెరపొద్దు. రంగులు, పిన్‌లు, షెడ్యూల్‌లు, బ్లాక్ పదాలు మాత్రం ఏ యాప్‌వి ఆ యాప్‌లోనే.

ఏడుబిట్లు

నిజమే, ఆర్‌సీఎస్ నాకు తట్టలేదు. అయితే పూర్తిగా ఆపమనడం అందరికీ సరైన సలహా కాదు. గూగుల్ మెసేజెస్ ఇద్దరి దగ్గరా ఉంటే చాట్ ఎన్‌క్రిప్ట్ అయి వెళ్తుంది, ఎస్ఎంఎస్ అలా వెళ్లదు. ఇంట్లోవాళ్లతో వాట్సాప్ కాకుండా అందులోనే మాట్లాడుకునేవాళ్లు బబుల్ రంగు కోసం దాన్ని వదులుకోవడం నష్టమే. ఈయనకు కావలసింది కీప్యాడ్ ఫోన్లకు నోటీసులు కాబట్టి ఇక్కడ ఆపడమే సబబు.

పాతఫోన్ల_వైద్యం

ఒప్పుకుంటా.

అక్షరచిత్రం

ఫాంట్ సంగతి నేను చెప్తా. యాప్‌లు ఇచ్చే ఫాంట్లలో చాలావాటిలో తెలుగు అక్షరాలే ఉండవు. క్యూకేఎస్ఎంఎస్‌లో లాటో అనే ఫాంట్ ఉండేది, అది ఇంగ్లిష్‌దే. తెలుగు అక్షరం ఎదురవగానే ఆండ్రాయిడ్ తన సొంత తెలుగు ఫాంట్‌కు, చాలా ఫోన్లలో నోటో సాన్స్ తెలుగుకు, మళ్లుతుంది. అందుకే మీరు యాప్‌లో ఎన్ని మార్చినా తెలుగు అలాగే ఉంటుంది. యాప్‌లో "సిస్టమ్ ఫాంట్ వాడు" అని ఉంటే అదే ఎంచుకోండి.

వత్తులు తెగేది కూడా ఇందుకే. ఇంగ్లిష్ ఫాంట్ వరుస ఎత్తు చూసి బబుల్ కొలత నిర్ణయిస్తే, "స్త్రీ", "క్ష్మి" లాంటివి పైకీ కిందికీ ఆ కొలత దాటుతాయి. సిస్టమ్ ఫాంట్‌కు మారాక కూడా తెగితే, ఫాంట్ సైజు యాప్‌లో పెంచకుండా ఫోన్ డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో పెంచి చూడండి. అంచులు బిగుతుగా ఉండే బబుల్ ఆకారాలు వదిలి, చుట్టూ ఖాళీ ఎక్కువ ఉన్నది తీసుకోండి. పరీక్షకు "లక్ష్మీ స్త్రీ శక్తి" అని మీకు మీరే పంపుకుంటే చాలు, ఎక్కడ తెగుతుందో తేలిపోతుంది.

రంగుల్లో ఒక్క మాట. ముదురు నేపథ్యం మీద పలచటి రంగు సన్న అక్షరాలు ఇంగ్లిష్‌కు నప్పినట్టు తెలుగుకు నప్పవు. మన అక్షరాల్లో తలకట్టు, పొట్టలో చుక్క, కింద వత్తు అన్నీ చిన్న చోటులో ఉంటాయి. "ప"కీ "ష"కీ తేడా లోపలి చిన్న గీత ఒక్కటే. నలుపు మీద ముదురు నీలం బబుల్ పెట్టి అందులో బూడిద అక్షరాలు వేస్తే "వ", "ప" కలిసిపోతాయి. వచ్చిన మెసేజ్‌లకు లేత బబుల్, నల్ల అక్షరాలు. పంపినవాటికి ముదురు బబుల్, తెల్ల అక్షరాలు. ఇంతకంటే షోకులు చదవడానికి అడ్డం.

టెక్స్‌ట్రా అనే యాప్‌లో మనిషికో బబుల్ రంగు పెట్టుకోవచ్చు. సంఘం పనికి ఇది నిజంగా ఉపయోగం: కాలనీవాళ్లందరికీ ఒకే రంగు పెడితే, ఇంటివాళ్లకు రాయబోయి సంఘం సభ్యుడికి రాసే ప్రమాదం తగ్గుతుంది. పంపు నొక్కాక కొన్ని సెకన్లు ఆగి పంపే "డిలే" కూడా ఉంది. నోటీసులో తేదీ తప్పుపడితే ఆపుకోవడానికి ఆ కొన్ని సెకన్లే దిక్కు.

ఆపిల్_తోట

మధ్యలో దూరుతున్నా, ఐఫోన్‌లో ఇవేవీ కుదరవా?

ఏడుబిట్లు

కుదరవండి. మన దగ్గర ఐఫోన్‌లో ఎస్ఎంఎస్ పంపడం, అందుకోవడం ఆపిల్ మెసేజెస్ చేతిలోనే. ఐఓఎస్ 18.2లో డిఫాల్ట్ మెసేజింగ్ యాప్ ఎంచుకునే వీలు వచ్చినా ఎస్ఎంఎస్ మాత్రం ఆ యాప్‌లోకి మారదు. బయటి యాప్‌లు చేయగలిగేది తెలియని నంబర్ల నుంచి వచ్చినవాటిని వడపోయడం వరకే.

కాలనీ_నోటీసుబోర్డు

ఆర్‌సీఎస్ ఆపాక ఆ ముగ్గురివీ రావడం మొదలైంది. అలారం అనుమతి ఇచ్చాను. "సర్వీస్ ఎస్ఎంఎస్" నా ఫోన్‌లో ఆపి ఉంది, ఆన్ చేశాను. మిగిలినవి రెండు: ఈ పనికి ఏ యాప్ మంచిది, ఇప్పుడున్నది ప్రకటనలు చూపిస్తోంది. రెండు, కొందరి కీప్యాడ్ ఫోన్లలో తెలుగు బదులు డబ్బాలు కనిపిస్తున్నాయట. నా వైపు నుంచి ఏమైనా చేయగలనా?

పాతఫోన్ల_వైద్యం

డబ్బాలంటే ఆ ఫోన్‌లో తెలుగు ఫాంట్ లేదని. మెసేజ్ సరిగ్గానే చేరింది, చూపించే అక్షరాలే లేవు. మీ యాప్‌లో ఏం చేసినా మారదు. ఐఎస్ 16333 అనే భారత ప్రమాణం తప్పనిసరి అయ్యాక మన దేశంలో అమ్మే కీప్యాడ్ ఫోన్లలో కూడా 22 భాషల మెసేజ్‌లు చదవగలగాలి. కాబట్టి డబ్బాలు వచ్చేవి అంతకుముందు కొన్న ఫోన్లు అయ్యుండొచ్చు. ఆ కొద్దిమందిని వేరే జట్టుగా పెట్టి ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు పంపండి, 160 వరకు ఒక్క ముక్కే కాబట్టి లెక్కలోనూ కలిసొస్తుంది. ఎమోజీ పెట్టొద్దని పైన చెప్పిందే.

యాప్ విషయంలో నా ఓటు ఫాసిఫై మెసేజెస్‌కు. ఉచితం, ఓపెన్ సోర్స్, ప్రకటనలు లేవు, ఇంటర్నెట్ అనుమతే అడగదు. షెడ్యూల్, రంగులు, సంభాషణకో నోటిఫికేషన్, పదాల వారీ బ్లాక్, ఎగుమతి దిగుమతి ఉన్నాయి. సింపుల్ ఎస్ఎంఎస్ మెసెంజర్ అని ఒకటి ఉండేది, ఆ యాప్‌ల కుటుంబం 2023 చివర్లో చేతులు మారినప్పుడు దాని కోడ్ నుంచి విడిగా మొదలైంది ఇది. చూడ్డానికి టెక్స్‌ట్రా అంత నాజూగ్గా ఉండదు. టెక్స్‌ట్రాలో అందం ఎక్కువ, ప్రకటనలు పోవాలంటే డబ్బు కట్టాలి. క్యూకేఎస్ఎంఎస్ అభివృద్ధి ఆగిపోయింది, దాని నుంచి క్విక్ అని కొత్తది నడుస్తోంది, కావాలంటే అది చూడండి.

నెట్ అనుమతి మీద ఎందుకు పట్టుబడతానంటే, గో ఎస్ఎంఎస్ ప్రో సంగతి గుర్తుందా? 2020లో బయటపడింది. అందులో పంపిన ఫొటోలు, వీడియోలు లింకుల రూపంలో సర్వర్‌లో ఉండేవి, ఆ లింకులు వరుస క్రమంలో ఉండడంతో ఎవరైనా ఊహించి తెరవగలిగేవారు. థీమ్‌లు వందల్లో ఉన్నాయని మురిసిపోయే ముందు యాప్ ఏయే అనుమతులు అడుగుతోందో చూడాలి.

ఆటోస్టార్ట్

యాప్ మార్చే ముందు బ్యాకప్ తీయండి. సింక్‌టెక్ వాళ్ల "ఎస్ఎంఎస్ బ్యాకప్ అండ్ రిస్టోర్" ఎక్స్ఎంఎల్ ఫైల్‌గా ఇస్తుంది, ఫాసిఫై సొంత ఎగుమతి కూడా ఉంది. తిరిగి ఎక్కించేటప్పుడు ఆ బ్యాకప్ యాప్ తాత్కాలికంగా డిఫాల్ట్ కావాలని అడుగుతుంది, కంగారుపడొద్దు. ఆండ్రాయిడ్ 4.4 నుంచి డిఫాల్ట్ యాప్ తప్ప ఇంకెవరూ ఎస్ఎంఎస్ నిల్వలో రాయలేరు. పని అయ్యాక మళ్లీ మీ యాప్‌ను డిఫాల్ట్ చేయడం మరిచిపోకండి. మరిచిపోతే ఆ మధ్య వచ్చిన మెసేజ్‌లకు నోటిఫికేషన్ ఉండదు.

అన్నీ పెట్టాక ఇలా సరిచూసుకోండి. వేరే ఫోన్ నుంచి ఒక చిన్న తెలుగు మెసేజ్, ఒక మూడు ముక్కల మెసేజ్ పంపించుకోండి. రెండోది ఒకే బబుల్‌లో అతుక్కుని రావాలి. బ్యాలెన్స్ కోసం బ్యాంకు ఇచ్చిన నంబరుకు మిస్డ్ కాల్ ఇవ్వండి, మెసేజ్ వస్తుంది, దానితో టోన్ పని చేస్తోందో లేదో తేలుతుంది. ఫోన్‌ను అరగంట తెర ఆర్పి వదిలేసి మళ్లీ ఒకసారి చేయండి. తెర వెలిగి ఉండగా మోగి, ఆరాక మోగకపోతే బ్యాటరీ సెట్టింగ్ ఇంకా బిగుసుకునే ఉంది. సిమ్ సెట్టింగ్స్‌లో ఎస్ఎంఎస్‌కు ఏ సిమ్ అన్నది "ప్రతిసారీ అడుగు" అని ఉంటే ఒకటి ఖాయం చేయండి, షెడ్యూల్ మెసేజ్‌కు అడిగితే జవాబిచ్చేవాళ్లు ఉండరు కదా.

మోత_తగ్గించండి

చివరగా, సంఘం నోటీసుల వరకే వాడండి. అదే జాబితాకు షాపు ఆఫర్లు, ప్లాట్ల అమ్మకాలు పంపితే అది వ్యాపార ప్రచారం అవుతుంది, మామూలు నంబరు నుంచి అలా పంపకూడదు. 1909కి ఫిర్యాదులు వెళ్తే నంబరు మీద చర్య ఉంటుంది. 2025 సవరణ తర్వాత పది రోజుల్లో అయిదు ఫిర్యాదులు చాలు. సభ్యుల్లో ఎవరైనా నోటీసులు వద్దంటే జాబితాలోంచి అప్పుడే తీసేయండి.